రెండు కోట్ల అక్షరాలు

జూలై 11, 1988

మద్రాసు వ్యాను వచ్చింది. మూడు అట్టపెట్టెలు. పల్లకీలోంచి పెళ్లికూతుర్ని దించినట్టు నలుగురు పట్టుకుని దించారు. ధనంజయ వాళ్ల వెనకా ముందూ తిరుగుతూ "పైలం, పైలం" అని అరిచాడు. నన్ను ఎప్పుడైనా వీడు ఇంత పైలంగా చూశాడా అని గుర్తు చేసుకోబోయి మానుకున్నాను.

నా టైపు మిషన్లు వరండాలోకి వచ్చేశాయి. నాయన పోయినప్పుడు వీడికి ఎనిమిదేళ్లు. అప్పటినుంచి ఆ హాల్లో, ఆ మిషన్ల మీదే, ఈ మిట్టూరు పేట ఆడపిల్లలందరికీ లోయరూ హయ్యరూ నేర్పి వీణ్ణి బీకాం దాకా లాక్కొచ్చాను. ఇప్పుడు హాలుకు ప్లైవుడ్ గోడ, అద్దాల తలుపు. లోపల కంప్యూటర్లు, బయట నేను.

"వానొస్తే ఎట్లరా?" అంటే, "పందిరేపిస్తాలే అక్కా. వరండాలో అయితే నీకు గాలి బాగొస్తాది" అన్నాడు.

లోపలివాళ్లకు ఏసీ పెట్టిస్తాడట. నాకు గాలి.

జూలై 12

వాడితో మాట్లాడలేదు. వాడు గమనించలేదు.

జూలై 15

ఆషాఢం వచ్చేసిందట. ప్రారంభం శ్రావణ శుక్రవారానికి వాయిదా. ఆగస్టు పందొమ్మిది. ఇదంతా మునిలక్ష్మి చెప్పిన శాస్త్రం. ధనంజయ నసిగాడు. డీలరు పెట్టిన గడువు నెల రోజులే. ఆలోగా ఏ లోపం కనిపించినా మారుస్తాడు, దాటితే మార్చడు. "మనం తెరిచే లోపల నెల అయిపోతాది గదే" అన్నాడు.

"కొత్త మిషన్లకు లోపమేముంటాది? మంచి రోజు సూడకుండా తెరిస్తేనే లోపం" అంది ఆమె.

పెళ్లాం మాట నెగ్గింది. నేను ఆషాఢం సంగతి చెప్పి ఉంటే "ఈ కాలంలో యాడక్కా అయన్నీ" అనేవాడు.

జూలై 18

ఏసీ బిగించారు. దాని ముందు భాగం గదిలో. వెనక భాగం నా వరండాలో. లోపలి వేడినంతా తెచ్చి నా మీదా నా పిల్లల మీదా కక్కుతోంది. హయ్యర్ పిల్ల పంకజాక్షి స్పీడు టెస్టు మధ్యలో లేచి, "టీచర్, కుంపటి ముందర కూర్చున్నట్టుండాది" అని ఏడుపు మొహం పెట్టింది.

ధనంజయను పిలిచి చూపించాను. చెయ్యి పెట్టి చూశాడు. "అవునక్కా, వేడిగానే ఉండాది" అన్నాడు. తలుపు తీసుకుని చల్లటి గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ గదిలోకి పోవాలంటే చెప్పులు విడవాలి. నేను ఆ గుడికి పోను.

జూలై 24

ఈ రోజు జరిగింది రాసుకోకపోతే నిద్ర పట్టదు.

ధనంజయ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ఊరంతా పంచడానికి కరపత్రం. స్టెన్సిల్ మీద కొట్టివ్వమన్నాడు. తెలుగు మిషను మీద నాకంటే శుభ్రంగా కొట్టేవాళ్లు జిల్లాలో లేరట. ఆ పొగడ్త ఎందుకో రెండో పంక్తిలో తెలిసింది.

"టైపు మిషన్ల కాలం చెల్లిపోయింది! రేపటి ఉద్యోగం కంప్యూటర్ నేర్చినవారిదే!"

దాని కింద: "ఇరవై మెగాబైట్ల హార్డ్ డిస్కు గల కంప్యూటర్ చిత్తూరులో మా వద్ద మాత్రమే. రెండు కోట్ల అక్షరాలు దాచగలదు."

"ఇది నాతో కొట్టిస్తావా?" అన్నాను.

వాడికి నిజంగా అర్థం కాలేదు. "ఏమక్కా, అక్షరదోషాలుండాయా?" అన్నాడు.

వాడు కావాలని చేసి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. నేనక్కడ ఉన్నానన్న స్పృహే లేకుండా రాశాడు.

జూలై 25

కొట్టిచ్చాను. ఒక్క తప్పు లేదు.

జూలై 28

పంకజాక్షి మానేసింది. వాళ్లమ్మ వచ్చి కరపత్రం చూపించి, "ఈడ కొట్టిచ్చింది మీరేనంట గదా. మీరే కాలం చెల్లిందంటే ఇంక పిల్లని యాడికి పంపేది?" అంది. ఆ పిల్లను పద్దెనిమిది నెలలు కూర్చోబెట్టి తయారు చేశాను. కంప్యూటర్ క్లాసులో పేరిచ్చింది.

జూలై 30

మరో పని. కంప్యూటర్‌తో లావుపాటి పుస్తకం ఒకటి వచ్చింది. దానిలోంచి కమాండ్ల పేజీలు విద్యార్థులకు నోట్సుగా కొట్టివ్వాలట. ఏ అక్షరాలు కొడితే యంత్రం ఏం చేస్తుందో వరసగా ఉంది.

"నువ్వు సదివినావా ఇయన్నీ?" అని అడిగాను.

"నాకు కావలసినవి నేర్చుకున్నానక్కా. మద్రాసులో రెండు నెలలు ప్రోగ్రాములే సెప్పినారు. ఇయన్నీ సదివేదానికి టైమేదీ? నువ్వు కొట్టు, పిల్లోళ్లు సదువుకుంటారు."

చదవనివాడు గురువు. కొట్టేది నేను.

కొడుతూ చదివాను. చదవకుండా కొట్టడం నాకు చేతకాదు. పెద్ద విద్యేం కాదు. డీఐఆర్ అని కొడితే లోపల దాచిన వాటి పేర్లు వస్తాయి. ఇంకొకటి ఉంది, పలకడానికి నోరు తిరగదు: సీ, హెచ్, కే, డీ, ఎస్, కే. చెక్ డిస్క్ అన్నమాట. అది కొడితే డిస్కు ఎంత పెద్దదో, ఎంత నిండిందో, జ్ఞాపకశక్తి ఎంతో యంత్రమే తన గురించి తాను చెప్పుకుంటుందట.

మనుషులకు ఇలాంటి కమాండు ఉంటే బాగుండేది.

ఆగస్టు 2

ధనంజయ ఆహ్వాన పత్రాలు అచ్చు వేయించడానికి తిరుపతి వెళ్లాడు. మధ్యాహ్నం పిల్లలు లేరు. నేను కొట్టిన నోట్సు సరిగ్గా ఉందో లేదో చూడాలి కదా. అక్షరం తప్పు పోతే పేరు నాకు. అందుకే లోపలికి వెళ్లాను. చెప్పులు విడిచే వెళ్లాను.

హార్డ్ డిస్కున్న పెద్ద కంప్యూటర్ మీట వేశాను. గుయ్యిమంటూ లేచింది. నల్లటి తెర మీద ఆకుపచ్చగా సీ అనే అక్షరం, పక్కన బాణం గుర్తు, ఒక చిన్న గీత మిణుకు మిణుకుమంటూ. ఏమన్నా అడగమన్నట్టు కాచుకుని ఉంది. ఈ ఇంట్లో నా మాట కోసం ఇలా కాచుకున్నవాళ్లు లేరు ఈ మధ్య.

మీటలు మరీ మెత్తన. మా మిషన్లలా ఎదురు తిరగవు. డీఐఆర్ కొట్టాను. పేర్లు వచ్చాయి. నోట్సులో వరసగా తరవాతిది చెక్ డిస్కు. కొట్టాను.

ఎర్రదీపం మిణుకుమంది. అంకెలు వచ్చాయి. డిస్కులో మొత్తం జాగా ఇన్ని బైట్లు అని మొదటి పంక్తి. బైటంటే ఒక అక్షరం పట్టే జాగా అని నేనే కొట్టాను నోట్సులో. అంకెల్ని కుడినుంచి వేలితో తాకుతూ లెక్కపెట్టాను. ఒక కోటీ ఐదు లక్షల చిల్లర.

మళ్లీ లెక్కపెట్టాను. కోటే.

రెండు కోట్లని కరపత్రంలో కొట్టింది నా చేతులే. సగమే ఉంది. మద్రాసు డీలరు ఇరవై అని చెప్పి పది అంటగట్టాడు. వీడు చూసుకోలేదు. చూసుకోవడానికి ఆరు అక్షరాలు కొడితే చాలు. కొట్టలేదు.

అంతలో మునిలక్ష్మి మజ్జిగ గ్లాసుతో లోపలికి వచ్చింది. ఉలిక్కిపడి తెరకు అడ్డంగా చెయ్యి పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. "ఏమి వదినా, మీరు గూడా నేర్చుకుంటా ఉండారా?" అని నవ్వింది. అయిదో క్లాసు చదివిన పిల్ల. దానికేం తెలుస్తుంది.

ఆగస్టు 3

చెప్పాలి. చెబితే రేపే మద్రాసు బస్సెక్కుతాడు. నెల ఇంకా దాటలేదు. మార్చి ఇస్తారు. కొత్తది వస్తుంది, ప్రారంభం వైభవంగా జరుగుతుంది. నా పిల్లలు ఒక్కొక్కరే ఆ అద్దాల తలుపులోంచి లోపలికి పోతారు.

అయినా చెప్పాలి. రేపు చెప్తాను.

ఆగస్టు 4

వాడు ఇంట్లో లేడు.

ఆగస్టు 5

ఉన్నాడు. తలనొప్పిగా ఉంది నాకు.

ఆగస్టు 7

రాత్రి భోజనాల దగ్గర చెప్పబోయాను. దేవుడి సాక్షిగా నోరు తెరిచాను. "ధనంజయా, ఆ పెద్ద మిషను" అని మొదలుపెట్టాను కూడా.

"మిషన్లంటే గుర్తొచ్చిందక్కా. పాతసామాన్లోడు అడుగుతా ఉండాడు. శ్రావణంలో నీ మిషన్లు ఇచ్చేస్తే వరండా గూడా కలిసొస్తాది. ఇంకో రెండు కంప్యూటర్లు పట్టిస్తాం" అన్నాడు.

"ఇచ్చేస్తే నేనేం చెయ్యాలరా?"

"నువ్వు విశ్రాంతి తీసుకో. ఎన్నేండ్లని కష్టపడతావు?" చారు పోసుకుంటూ చాలా ప్రేమగా అన్నాడు.

నాకు నలభై మూడేళ్లు. విశ్రాంతి.

అన్నం వదిలేసి లేచాను. మునిలక్ష్మి వెనకాలే వచ్చి "ఏమైంది వదినా" అంది. తలనొప్పి అన్నాను.

ఆగస్టు 10

రేపటితో నెల. ఈ రోజు రెండుసార్లు తలుపు దాకా వెళ్లాను. లోపల వాడు పేర్లివ్వడానికి వచ్చిన పిల్లలతో నవ్వుతున్నాడు. ఆ నవ్వు మధ్యలోకి వెళ్లి చెప్పడం బాగుండదు.

అయినా చూసుకోవలసింది వాడు. యజమాని వాడు. నేను వరండాలో కూర్చునే దాన్ని.

ఆగస్టు 12

నెల దాటింది.

ఆగస్టు 16

నేను చేస్తున్నది పిల్లల కోసం. రెండు కోట్లని చెప్పి కోటి చూపించేవాడి దగ్గర వాళ్లు చేరకూడదు. బెల్లం మండీ చెంగయ్య తన మండీ లెక్కలన్నీ ఇందులో పెట్టిస్తానని, ఇద్దరు కొడుకుల్ని చేర్పిస్తానని అందరికీ చెప్పుకుంటున్నాడు. ఆయన మాటను బట్టి గంగనపల్లె దాకా చేరుతున్నారు. ఎవరో ఒకరు నిజం చెప్పాలి.

డిగ్రీ కాలేజీ ఫిజిక్సు లెక్చరర్ రాజారత్నం గారు ముఖ్య అతిథి. ఆయన చేతికి నోట్సు నేనే ఇస్తాను. ఆ ఆరు అక్షరాల కింద గీత గీసి ఇస్తాను. చదువుకున్నవాడు, కొట్టి చూపించమని ఆయనే అడుగుతాడు. నేను నోరు విప్పక్కర్లేదు.

ఆగస్టు 18

మునిలక్ష్మి నాకు పట్టుచీర తీసి ఇస్త్రీ చేయించి పెట్టింది. రేపు కట్టుకోవాలట. ఇంతకుముందెప్పుడూ లేదు ఈ మర్యాద. ఏదో ఉంది.

ఆగస్టు 19, శుక్రవారం

కూర్చుని వరసగా రాస్తాను.

పది గంటలకు అందరూ వచ్చారు. వరండా నిండిపోయింది. నా మిషన్లను గోడకు నెట్టి మీద దుప్పటి కప్పారు. రాజారత్నం గారు దీపం వెలిగించారు. నోట్సు ఆయన చేతికి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నారు. చదవనేలేదు.

ధనంజయ మాట్లాడటానికి లేచాడు. వాడి నోట ఎన్నడూ వినని మాటలు మాట్లాడాడు.

"మా నాయన పోయినప్పుడు నేను పలక పట్టుకునే పిల్లోణ్ణి. మా అక్క వేళ్లు అరగదీసుకుని నన్ను సదివించింది. పెళ్లి గూడా ఒద్దనుకునింది నాకోసరం. ఈ కంప్యూటర్ మీద మొదటి అక్షరం మా అక్క చేత్తోనే పడాల. రాక్కా."

అందరూ చప్పట్లు కొట్టారు. పట్టుచీర సంగతి అప్పుడు అర్థమైంది. మునిలక్ష్మి కళ్లు తుడుచుకుంటోంది. ధనంజయ నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు. రాజారత్నం గారూ, చెంగయ్యా, పట్టినంతమంది లోపలికి వచ్చారు. మిగిలినవాళ్లు అద్దాలకు మొహాలు ఆనించారు.

నన్ను తలుచుకున్నాడు. ఇన్ని రోజుల తరవాత, ఇంతమంది ముందు తలుచుకున్నాడు. ముందే తలుచుకోకూడదా? నేను ఎండలో ఏసీ వేడి కింద కూర్చున్నప్పుడు తలుచుకోకూడదా? పాతసామాన్లవాడికి మిషన్లు ఇచ్చేద్దామన్నప్పుడు?

"ఏమి కొట్టేదిరా?" అన్నాను.

"నీ ఇష్టం అక్కా. నోట్సు కొట్టింది నువ్వేగదా" అన్నాడు.

డీఐఆర్ కొట్టొచ్చు. మూడు అక్షరాలు. పేర్లు వచ్చేవి, చప్పట్లు కొట్టేవాళ్లు, లేచి వచ్చేసేదాన్ని.

సీ హెచ్ కే డీ ఎస్ కే. వేళ్లు కొట్టాయి. ఇరవై ఏళ్ల అలవాటు, వేళ్లు వాటంతటవే పోతాయి. నేను అనుకుని కొట్టలేదు.

అంకెలు వచ్చాయి. రాజారత్నం గారు కళ్లద్దాలు సరిచేసుకుని ముందుకు వంగారు. బాగా చదివారు. తరవాత నెమ్మదిగా అన్నారు, "ధనంజయా, దీంట్లో పది మెగాబైట్లే కదా ఉంది. కాగితంలో ఇరవై అని వేశావే?"

"లేదు సార్. తప్పు కొట్టినట్టుండాది. అక్కా, మళ్లా కొట్టు."

మళ్లీ కొట్టాను. మళ్లీ అదే.

"అంటే ఏమి సార్?" అన్నాడు చెంగయ్య.

"చెప్పినదాంట్లో సగమే ఉందయ్యా."

"సగమా!" చెంగయ్య గొంతు వీధిలోకి వినిపించింది. "ఏమప్పా ధనంజయా! మా మండీలో బెల్లం దిమ్మకు గూడా సగం తూకం పెట్టి సావుకార్లమని సెప్పుకోమే! నీ మాట నమ్మి నలుగురికి సెప్పినానే నేను! నా మొగం యాడ పెట్టుకునేది?"

"చెంగయ్యన్నా, నాకు తెలీదన్నా. డీలరు ఇట్ల సేసినాడని నాకు తెలీదు."

"తెలీకుండానే కాగితాలు పంచినావా? తెలీకుండానే మా పిల్లోళ్లకు సదువు సెప్తావా?"

ధనంజయ తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. అద్దాల అవతలివాళ్లకు లోపల ఏం జరిగిందో తెలియక నవ్వుతూనే ఉన్నారు కాసేపు. చెంగయ్య కొడుకులిద్దర్నీ రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయాక నవ్వు ఆగింది.

వచ్చినవాళ్లకు చేసిన కేసరి అలాగే మిగిలిపోయింది. రాజారత్నం గారు వెళ్తూ ధనంజయ భుజం తట్టారు. నాతో "మంచిదే అయిందమ్మా, ముందే తెలిసింది" అన్నారు.

ముందే.

ఆగస్టు 20

పంకజాక్షి వాళ్లమ్మ వచ్చి కంప్యూటర్ క్లాసు మాన్పించింది. నన్ను చూసి, "మీ దగ్గరే ఉండుంటే బాగుండేది" అంది. ఆ మాట వినాలని నెల రోజులుగా కాచుకున్నాను. విన్నాను.

ఆగస్టు 23

మద్రాసునుంచి వచ్చాడు. చొక్కా మాసిపోయింది. డీలరు లోపలికి రానివ్వలేదట. గుమస్తా గడువు కాగితం చూపించి, "దాటిపోయింది సార్, రెండు వారాల ముందు వచ్చుంటే మార్చుండేవాళ్లం" అన్నాడట. వీడు గొడవ పెడితే కాపలావాణ్ణి పిలిచారట.

"రెండు వారాలు, అక్కా. రెండే రెండు వారాలు" అన్నాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే పడుకున్నట్టు ముడుచుకుని హాల్లో చాప మీద పడుకున్నాడు.

పాపం అనిపించింది. డీలరు మోసగాడు. ఇలాంటివాళ్లకు పుట్టగతులుండవు.

ఆగస్టు 25

కంప్యూటర్ క్లాసులో పిల్లలు తొమ్మిదిమంది మానేశారు. ముగ్గురు మిగిలారు. ఏసీ ఆపేశాడు. వరండాలో ఇప్పుడు వేడి లేదు.

ఆగస్టు 27

మునిలక్ష్మి వంటింట్లో చేట పట్టుకుని కూర్చుంది. నేను నీళ్లకు వెళ్లాను. తల ఎత్తకుండా అడిగింది.

"వదినా, ఆయన తిరపతి పోయిన పొద్దు మీరు ఆడ కూర్చోనుంటిరే. నేను మజ్జిగ తెస్తిని."

"అయితే?"

"ఆ పొద్దు తెర మీద ఉన్న అంకెలూ, మొన్న అందురూ సూసిన అంకెలూ ఒకటే."

"నీకేం తెలుసే ఆ అంకెల సంగతి?"

"ఇంగిలీసు రాదు గానీ అంకెలు రాకుండా పోతాయా వదినా? ఒకటి, సున్నా, అయిదు. మీరు చెయ్యి అడ్డం పెట్టినారు. ఏమిట్కి పెట్టినారా అని ఆ పొద్దే అనుకుంటి. మొన్న తెలిసింది."

"కలగన్నావేమో" అన్నాను.

చేట కింద పెట్టి నన్ను చూసింది. ఇన్నేళ్లలో నా కళ్లలోకి చూసి మాట్లాడింది ఇదే మొదలు.

"మార్చుకునేదానికి అప్పుడు దినాలుండె వదినా. ఆయన గూడా మీ చేతుల్లో పెరిగినోడే గదా. ఏమిట్కి సేసినారు ఇట్ల?"

"చేట పట్టుకున్నదానివి బియ్యం చూసుకో. నోరు అదుపులో పెట్టుకో" అన్నాను. నీళ్లు తాగకుండానే వచ్చేశాను.

నా ఇంట్లో, నా మొహం మీద. దానికి ఎంత ధైర్యం.

ఆగస్టు 28

వాడికి చెప్పేసింది. గోడ అవతల గొంతులు వినిపించాయి. వాడి గొంతే ఎక్కువ.

ఆగస్టు 29

పొద్దున ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. మునిలక్ష్మి కళ్లు వాచి ఉన్నాయి. నేను తెలుగు మిషనుకు రిబ్బను మారుస్తున్నాను. ధనంజయ ముందు బల్ల మీద కూర్చున్నాడు.

"అక్కా, ఇది ఏందేందో సెప్తా ఉండాది. నేను నమ్మలేదు. నీ మీద ఒక్క మాటంటే ఊరుకోనని రాత్రే సెప్పినాను. అయినా ఇనడంలేదు. నువ్వే సెప్పు. ఆ అంకెలు నువ్వు ముందే సూసినావా? నువ్వు లేదంటే లేదు. ఇంకోసారి ఈ ఇంట్లో ఆ మాట రాదు."

రిబ్బను మసి వేళ్లకు అంటుకుంది. చీరకు తగలకుండా చేతులు ఎత్తి పట్టుకున్నాను.

ఆ నిమిషంలో ఎన్నో అనుకున్నాను. చూశానని చెప్పి, ఎందుకు దాచానో కూడా చెప్పాలని. ఏసీ వేడీ, కరపత్రం, పాతసామాన్లవాడు, విశ్రాంతి, అన్నీ. అన్నీ చెప్పడానికి ఎంతసేపు పడుతుంది. వాడి మొహం ఎదురుగా ఉంది. ఆ మొహం మారడం నేను చూడలేను.

"లేదు" అన్నాను.

"విన్నావా?" అన్నాడు మునిలక్ష్మితో.

అది వాడివైపు చూడలేదు. నన్నే చూసింది. "సరే వదినా" అంది. అంతే. లోపలికి వెళ్లిపోయింది.

"నువ్వు ముందే సూసుంటే నాకు సెప్పుండవా? నాకు తెలీదా అక్కా నీ సంగతి?" అన్నాడు ధనంజయ.

చెప్పి ఉండేదాన్నే అన్నాను.

ఆగస్టు 30

మునిలక్ష్మి నాయుడుపేట బస్సెక్కింది. పుట్టింటికి. వరలక్ష్మీ వ్రతం అయిపోయింది, అట్ల తద్దె దూరం. ఏ పండగా లేదు. ఎవరు అడిగినా ఒంట్లో బాగాలేదని చెబుతున్నాను.

సెప్టెంబరు 3

వంట నేనే చేస్తున్నాను. ధనంజయ రెండు పూటలా ఇంట్లోనే తింటున్నాడు. బయట మొహం చూపించలేడు కదా. "నీ చేతి చారు తిని ఎన్నాళ్లయిందక్కా" అన్నాడు. ఇంకొంచెం పోశాను.

ఉత్తరం రాయమన్నాను పెళ్లానికి. "తప్పు దానిది. అది రానీ" అన్నాడు.

నేను రాయమన్నాను. అది గుర్తుండాలి.

సెప్టెంబరు 6

ధనంజయ నన్ను లోపలికి పిలిచాడు. మిగిలిన ముగ్గురు పిల్లలకు కమాండ్లు నేనే నేర్పాలట. నోట్సు కొట్టినదాన్ని కదా, తనకంటే బాగా తెలుసునట. పిల్లల ముందే అన్నాడు. అద్దాల తలుపు తీసేయిస్తానన్నాడు. నా మిషన్లు మళ్లీ హాల్లోకి తెప్పిస్తానన్నాడు. పాతసామాన్ల మాట ఎత్తలేదు.

వెళ్లాను. పాఠం చెప్పాను. ఒక పిల్ల ఆ ఆరు అక్షరాలు చూపించి, "టీచర్, ఇది కొడితే ఏమొస్తాది?" అని అడిగింది.

తరవాత చెప్తాను అన్నాను.

సెప్టెంబరు 9

ముగ్గురిలో ఇద్దరు మానేశారు.

సెప్టెంబరు 11, ఆదివారం

మునిలక్ష్మి తండ్రి చిన్నబ్బ వచ్చాడు. తెల్లారగట్ల బయలుదేరి, కాళహస్తిలో బస్సు మారి, ఎండ ముదిరాక చేరాడు. పొలం పనుల మనిషి. కండువాతో మొహం తుడుచుకుంటూ వరండాలోనే నిలబడ్డాడు. ధనంజయ మిద్దె మీద ఉన్నాడు. పిలవబోతే వద్దన్నాడు.

"రండి మామా, కూర్చోండి" అని కుర్చీ వేసి, చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టాను.

కూర్చున్నాడు. చెంబు ముట్టుకోలేదు.

"అల్లుడితో మాట్లాడేదానికి రాలేదు జ్ఞానమ్మా. నీతోనే" అన్నాడు. "మా బిడ్డ కోపిష్టిది. నోరు గూడా ఎక్కువే. కాదనను. అబద్దమాడే గుణం మాత్రం దానికి లేదమ్మా. వచ్చిన కాణ్ణించి అన్నం తినకుండా ఒకటే మాట. 'నన్ను అబద్దాలకోరును సేసినారు నాయనా' అంటాది. అల్లుడేమో మా అక్క మాటే మాటంటాడు. సరే. నాకు గూడా నీ మాటే మాట. తల్లీ తండ్రీ లేని పిల్లోణ్ణి సాకిన దానివి. నువ్వు తప్పుడు మాట సెప్పవు. నా బిడ్డదే తప్పంటే నేనే దాన్ని తీసకొచ్చి నీ కాళ్లకు దండం పెట్టిస్తా. ఏమి జరిగిందో ఒక్క మాట సెప్పు తల్లీ."

ముసలాయన కళ్లు చిన్నవి, ఎండకు చికిలించి చికిలించి గీతలు పడ్డాయి. వాటిలో కోపం లేదు. అనుమానం కూడా లేదు. నిజంగానే నా మాట కోసం వచ్చాడు.

"అది పొరపాటు పడింది మామా. ఏవో అంకెలు చూసింది. ఇంగ్లీషు రాదు కదా" అన్నాను.

"ఓహో" అన్నాడు.

నా మిషన్ల మీద దుప్పటి వైపు చూశాడు, అద్దాల తలుపు వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. ఇంకేమైనా చెబుతానేమోనని చూసినట్టుంది. నేను చెప్పడానికి ఏముంది.

"అయితే పొయ్యొస్తానమ్మా" అని లేచాడు.

"భోంచేసి పోండి మామా. అన్నం వండుతున్నాను."

"ఉండనీ తల్లీ. బస్సుండాది."

బిడ్డను ఎప్పుడు తీసుకొస్తాడో చెప్పలేదు. కాళ్లకు దండం మాట మళ్లీ ఎత్తలేదు. మెట్లు దిగి, కండువా తలమీద వేసుకుని, ఎండలో బస్టాండు వైపు వెళ్లాడు.

ధనంజయ కిందికి వచ్చి "ఎవురక్కా వచ్చింది?" అన్నాడు. చెప్పాను. పరుగున వీధి చివరిదాకా వెళ్లి, కనపడలేదని తిరిగి వచ్చాడు.

చెంబులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. దాహం వేయలేదేమో. దారిలో ఎక్కడైనా తాగి ఉంటాడు.